ఇశ్రాయేలు వేరు, ఇజ్రాయెల్ వేరు

మన చేతిలో ఉన్న బైబిలులో ఆ పేరు ఇశ్రాయేలు. ఉదయం ఇంటికి వచ్చే దినపత్రికలో అది ఇజ్రాయెల్. ఇంగ్లీషులో రెంటికీ ఒకే అక్షరాలు. తెలుగులో మాత్రం, ఎవరూ కావాలని చేయకపోయినా, రెండు రూపాలు నిలిచిపోయాయి. మొదటిది యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడిన యాకోబుకు దేవుడు పెట్టిన పేరు, ఆ తరువాత ఆయన సంతతివారి పేరు. రెండవది 1948 మే 14న టెల్ అవీవ్ నగరంలో డేవిడ్ బెన్ గురియన్ ప్రకటించిన ఒక ఆధునిక దేశం. ఆ దేశానికి పార్లమెంటు ఉంది, ఎన్నికలున్నాయి, సంకీర్ణ ప్రభుత్వాల తగువులున్నాయి, ప్రధానమంత్రి మీద కోర్టు కేసులు కూడా ఉన్నాయి. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని మేము చెప్పడం లేదు. రెండూ ఒక్కటే అన్నట్టు ప్రసంగపీఠం మీద నుంచి మాట్లాడితే వచ్చే చిక్కుల గురించి చెప్పదలచాము.

2023 అక్టోబరు 7 తరువాత మన సంఘాలలో ఏం జరిగిందో పాఠకులు ఎరుగుదురు. కొన్ని మందిరాలలో ఆరు మూలల నక్షత్రం గల జెండా వేదిక మీదికి వచ్చింది. యవనస్థుల వాట్సాప్ గుంపులలో వీడియోలు పోటెత్తాయి. పక్కవీధి ముస్లిం కుటుంబంతో పిల్లల పెళ్లిళ్లకు, పండుగలకు రాకపోకలున్న విశ్వాసులు కొందరు ఆ వీడియోలు చూసి ముఖం చాటేయసాగారు. మరోపక్క కాలేజీలకు వెళ్లే మన పిల్లలు ఇందుకు పూర్తిగా తలకిందులైన కథ తెచ్చి, ఇంట్లో పెద్దవారిని నిలదీశారు. మా కార్యాలయానికి వచ్చిన ప్రశ్నలలో చాలావరకు కొద్దిపాటి అపోహల చుట్టూనే తిరుగుతున్నాయి.

అన్నిటికన్నా తేలికగా తీరేది ఫిలిష్తీయుల సంగతి. పాలస్తీనీయులు అంటే గొల్యాతు మనుషులేనని, దావీదు విడిచిపెట్టిన పని ఇప్పుడు పూర్తవుతోందని ప్రసంగించేవారున్నారు. పేరులో పోలిక ఉన్న మాట నిజమే. జాతిలో పోలిక లేదు. ఫిలిష్తీయులు సముద్రం దాటి వచ్చినవారు. ఆమోసు ప్రవక్త వారిని కఫ్తోరు నుండి వచ్చినవారిగానే పేర్కొన్నాడు. బబులోను దండయాత్రల తరువాత వారు ఒక జనంగా చరిత్రలో కనబడరు. పేరు మాత్రం గ్రీకుల నోట బతికింది. యూదుల రెండవ గొప్ప తిరుగుబాటును క్రీ.శ. 135లో అణచివేసిన రోమీయులు ఆ ప్రాంతానికి సిరియా పాలెస్తీనా అని పేరు పెట్టారు. నేటి పాలస్తీనీయులు అరబ్బీ మాట్లాడే జనం. ఆ నేల మీద శతాబ్దాలుగా ఉన్నవారు, వచ్చి కలిసినవారు, మతం మారినవారు, భాష మారినవారు అందరి సంతతి. గొల్యాతుతో వారికి బంధుత్వం కట్టడం ప్రసంగానికి ఊపునిస్తుందేమో గాని వాక్యానికీ చరిత్రకూ నిలవదు.

రెండవ అపోహ దీనికన్నా లోతైనది, గౌరవంగా కనబడేది. ఇది ఇస్సాకుకూ ఇష్మాయేలుకూ మధ్య నాలుగు వేల ఏళ్లుగా సాగుతున్న దాయాదుల పోరు, మనుషులు ఆపగలిగేది కాదు అని. ఈ మాట అనేవారు ఆదికాండము 21వ అధ్యాయం దగ్గర ఆగిపోతారు. 25వ అధ్యాయం దాకా వెళ్లరు. అక్కడ అబ్రాహాము చనిపోయినప్పుడు ఆయన కుమారులిద్దరూ కలిసే ఆయనను మక్పేలా గుహలో పాతిపెట్టారు. హాగరు కుమారుని మొర దేవుడు ఆలకించాడని, అతనినీ గొప్ప జనముగా చేస్తానని అన్నాడని 21వ అధ్యాయమే చెబుతోంది. అనాది శత్రుత్వం అనే సిద్ధాంతం ఈ అధ్యాయాలలో కనిపించదు.

ఆ మక్పేలా గుహ ఉన్న ఊరు హెబ్రోను. అక్కడి గత వందేళ్ల కథ తెలుసుకోదగినది. 1929 ఆగస్టులో అరబ్బు మూకలు ఆ ఊరి యూదులపై పడి 67 మందిని చంపాయి. ఆ రోజే అదే ఊరిలో అనేక అరబ్బు కుటుంబాలు తమ పొరుగు యూదులను ఇళ్లలో దాచి కాపాడాయి. 1994 ఫిబ్రవరిలో, గుహ మీద కట్టిన ప్రార్థనాస్థలంలో నమాజు చేస్తున్న ముస్లింల మీద బారూఖ్ గోల్డ్‌స్టీన్ అనే యూదు వలసదారుడు కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. నేడు ఆ స్థలంలో యూదులకు ఒక భాగం, ముస్లింలకు ఒక భాగం, మధ్యన సైనికుల కాపలా. ఇద్దరు కుమారులు కలిసి తండ్రిని పాతిపెట్టిన చోటు ఇది. ఈ రెండు ఊచకోతలకు కారణాలు ఇరవయ్యవ శతాబ్దంలోనే దొరుకుతాయి, ఆదికాండములో వెదకనక్కరలేదు.

ఆ కారణాలు మన పల్లెవాసులకు అర్థమయ్యే భాషలో చెప్పవచ్చు. ఒకే సర్వే నంబరుకు రెండు పాసుపుస్తకాలు ఇచ్చిన కథ ఇది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తుర్కీ సామ్రాజ్యాన్ని ఓడించడానికి బ్రిటిష్‌వారు 1915-16లో అరబ్బులకు స్వాతంత్ర్యం ఆశ చూపారు. 1916లో అదే ప్రాంతాన్ని ఫ్రాన్సుతో పంచుకోవడానికి రహస్య ఒప్పందం చేసుకున్నారు. 1917 నవంబరు 2న బాల్ఫోర్ ప్రకటన ద్వారా పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటుకు మద్దతు పలికారు. అటు ఐరోపాలో, ముఖ్యంగా రష్యా సామ్రాజ్యంలో, యూదులపై దాడులు తట్టుకోలేక వారు వలస బాట పట్టి అప్పటికే ముప్పై ఏళ్లు దాటింది. 1897లో థియోడర్ హెర్జెల్ స్విట్జర్లాండులోని బాసెల్‌లో మొదటి జియోనిస్టు మహాసభ జరిపాడు. ఆయన భక్తిపరుడు కాడు, రాజకీయ ఆలోచనాపరుడైన పాత్రికేయుడు. ఆ రోజుల్లో ఎందరో నిష్ఠాగరిష్ఠులైన రబ్బీలు ఈ ఉద్యమాన్ని వ్యతిరేకించారు. మెస్సీయ రాకముందే మనుషులు రాజ్యం కట్టడమేమిటని వారి అభ్యంతరం. మన ప్రవచన బోధకులు ఈ సంగతి చెప్పగా మేము వినలేదు.

ఆ నేల ఖాళీగా పడి ఉందనే మాట కూడా వినబడుతుంది. 1922లో బ్రిటిష్‌వారు జనాభా లెక్కలు తీశారు. మొత్తం 7,57,000 మంది. వారిలో ముస్లింలు సుమారు 5,90,000, యూదులు 84,000, క్రైస్తవులు 73,000. ఆ చివరి అంకెను మన సంఘాలు ఒకసారి నిదానంగా చదవాలి.

1947లో ఉపఖండం నుంచి బ్రిటిష్‌వారు వెళ్లిన మూడు నెలలకే, నవంబరు 29న ఐక్యరాజ్య సమితి పాలస్తీనా విభజనకు 33-13 ఓట్లతో తీర్మానించింది. మన కళ్లముందే పంజాబు, బెంగాలు రక్తసిక్తమైన ఏడాది అది. భారతదేశం ఆ విభజనకు వ్యతిరేకంగా ఓటు వేసింది. యూదు నాయకత్వం ఆ తీర్మానాన్ని అంగీకరించింది. జనాభాలో మూడోవంతు ఉన్నవారికి సగానికి పైగా నేల ఇస్తున్నారంటూ అరబ్బులు తిరస్కరించారు. యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్ నిలిచింది. దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు పారిపోయారు లేదా వెళ్లగొట్టబడ్డారు, తిరిగి రానివ్వబడలేదు. తరువాతి ఏళ్లలో ఇరాకు, యెమెను, మొరాకో, ఈజిప్టు వంటి దేశాల నుంచి ఎనిమిది లక్షలకు పైగా యూదులు ఊళ్లు వదిలి రావలసి వచ్చింది, వారిలో ఎక్కువమంది ఇజ్రాయెల్ చేరారు. ఒక కథ మాత్రమే తెలిసినవారు రెండో కథ వినగానే కోపం తెచ్చుకుంటారు. రెండూ జరిగినవే.

ఇక పాలస్తీనీయులంటే ముస్లింలే అనే అపోహ. సంఘకాపరులుగా మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్లివచ్చినవారు మన సంఘాలన్నిటిలో ఉన్నారు. ప్రభుత్వ ఆర్థిక సాయంతో వెళ్లినవారూ ఉన్నారు. వారిని అడిగి చూడండి. యెరూషలేము నుంచి బేత్లెహేము సుమారు పది కిలోమీటర్లు. దారిలో ఎత్తైన కాంక్రీటు గోడ వస్తుంది, సైనికుల తనిఖీ వస్తుంది. చాలా యాత్రలలో అక్కడ ఇజ్రాయెల్ గైడు దిగిపోయి మరో గైడు ఎక్కుతాడు. ఎందుకంటే 1995 చివర నుంచి బేత్లెహేము పాలస్తీనా అథారిటీ పాలనలో ఉంది, ఆ పట్టణంలోకి ఇజ్రాయెల్ పౌరులు వెళ్లడాన్ని వారి ప్రభుత్వమే నిషేధించింది. ఆ ఎక్కిన గైడు పాలస్తీనీయుడు, తరచుగా క్రైస్తవుడు. ఆయన తీసుకువెళ్లే దుకాణంలో మనవాళ్లు ఒలీవ చెక్కతో చేసిన సిలువలు, పశువుల తొట్టె బొమ్మలు కొంటారు. వాటిని చెక్కే కుటుంబాలలో చాలామంది తరతరాలుగా క్రైస్తవులు. తిరిగి వచ్చాక ఆ సిలువ గోడమీద ఉంటుంది, దాన్ని చెక్కినవాని జనాంగం మీద మన ఇంట్లో శాపనార్థాలు నడుస్తుంటాయి.

ఆ గోడ గురించి ఒక్కమాట. ఇజ్రాయెల్ 2002లో దాన్ని కట్టడం మొదలుపెట్టింది. అంతకు ముందు బస్సులలో, హోటళ్లలో ఆత్మాహుతి దాడులు వరుసగా జరిగి వందలమంది ఇజ్రాయెలీలు చనిపోయారు. గోడ వచ్చాక ఆ దాడులు బాగా తగ్గాయి. అయితే ఆ గోడలో చాలా భాగం సరిహద్దు రేఖ మీద కాక పాలస్తీనీయుల భూమిలోపల సాగింది. ఆ మార్గం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయపడింది. ఒకరికి ప్రాణరక్షణ, మరొకరికి తమ ఒలీవ తోటకు పోయే దారి మూసుకుపోవడం. యాత్ర బస్సులో ఈ రెండు వైపులా చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

1947 నాటికి బేత్లెహేములో అత్యధికులు క్రైస్తవులు. ఇప్పుడు వారు అక్కడ అల్పసంఖ్యాకులు, అయినా పట్టణ మేయరు పదవి నేటికీ క్రైస్తవునికే. ఎందుకు తగ్గారంటే సైనిక ఆక్రమణ, ఉపాధి లేకపోవడం, విదేశాలలో ఉన్న బంధువుల పిలుపు, చుట్టూ ఉన్న సమాజంలో కొన్నిచోట్ల ఒత్తిడి, అన్నీ కారణాలే. లాటిన్ అమెరికాలోని చిలీ దేశంలో బేత్లెహేము, బేత్ జాలా మూలాలున్న క్రైస్తవులు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. ప్రభువు పెరిగిన నజరేతు ఇప్పుడు ఇజ్రాయెల్ లోపలే ఉన్న అతి పెద్ద అరబ్బు పట్టణాలలో ఒకటి, అక్కడ క్రైస్తవులు గణనీయంగా ఉన్నారు. ఇజ్రాయెల్ పౌరులలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరబ్బులే. (అరబ్బీ బైబిలులో దేవుణ్ణి అల్లాహ్ అనే పిలుస్తారు. ఈ మాట మన సంఘాలలో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు. పెంతెకొస్తు దినాన తమ భాషలో సువార్త విన్నవారి జాబితాలో అరబీయులున్నారని అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయం చెబుతున్నది కదా.)

గాజాలో యుద్ధానికి ముందు సుమారు వెయ్యిమంది క్రైస్తవులుండేవారు. యుద్ధం మొదలయ్యాక వారిలో ఎక్కువమంది రెండు మందిర ప్రాంగణాలలో తలదాచుకున్నారు. 2023 అక్టోబరు 19 రాత్రి ఇజ్రాయెల్ వైమానిక దాడిలో సెయింట్ పోర్ఫీరియస్ ఆర్థోడాక్సు దేవాలయ ప్రాంగణంలోని కట్టడం కూలి పదహారుమందికి పైగా చనిపోయారు. పక్కనున్న హమాస్ కేంద్రమే తమ గురి అని సైన్యం చెప్పింది. 2025 జూలై 17న హోలీ ఫ్యామిలీ క్యాథలిక్ దేవాలయాన్ని గుండు తాకి ముగ్గురు మరణించారు, పాదిరిగారు గాయపడ్డారు. గురి తప్పిన గుండు అని ఇజ్రాయెల్ విచారం తెలిపింది. ఆ సంఘానికి పోపు ఫ్రాన్సిస్ తన మరణం వరకు దాదాపు ప్రతి రాత్రీ ఫోను చేసేవారు. ఆ నెలల్లో మన ఆరాధనలలో గాజా సంఘం పేరెత్తి ప్రార్థించిన చోట్లు ఎన్ని?

వాక్యం దగ్గరకు వద్దాం. అబ్రాహామును దీవించేవారిని దీవిస్తాననే ఆదికాండము 12వ అధ్యాయపు వాగ్దానాన్ని చూపి, ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసే దేనినీ ప్రశ్నించకూడదని కొందరు బోధిస్తారు. ఆ వాగ్దానంలోని చివరి మాట భూమి మీది సమస్త వంశాల ఆశీర్వాదం. గలతీ పత్రికలో పౌలు ఆ సంతానమంటే క్రీస్తేనని వివరించాడు. ఆ జనాన్ని ప్రేమించడంలో యిర్మీయాను, ఆమోసును మించినవారెవరు? వారే తమ రాజులను అందరికన్నా గట్టిగా గద్దించారు. నాబోతు ద్రాక్షతోట విషయంలో ఏలీయా అహాబు దగ్గరకు వెళ్లినప్పుడు, రాజు ఇశ్రాయేలీయుడు గనుక నోరు మూసుకోమని దేవుడు చెప్పలేదు.

1948ని ప్రవచన నెరవేర్పుగా చూసే విశ్వాసులు మనలో చాలామంది. దేవుని చేయి ఆ చరిత్రలో ఉందని నమ్మేవారితో మాకు తగువు లేదు. రోమా పత్రిక 11వ అధ్యాయం యూదుల విషయమై దేవుని పిలుపు రద్దు కాలేదనే చెబుతోంది. మా అభ్యంతరం క్యాలెండరు లెక్కలతో. పందొమ్మిదవ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ బోధించిన పద్ధతి 1909లో వచ్చిన స్కోఫీల్డు రిఫరెన్సు బైబిలు ద్వారా లోకమంతా పాకింది. అంజూరపు చెట్టు అంటే 1948, ఒక తరము అంటే నలభై ఏళ్లు అని 1970లో హాల్ లిండ్సే పుస్తకం సూచించింది. 1988లో సంఘం ఎత్తబడటానికి 88 కారణాలు చూపుతూ ఎడ్గర్ విసెనాంట్ అనే అమెరికా రచయిత మరో పుస్తకం వేశాడు. ఆ ఏడాది గడిచాక లెక్క సవరించి 1989 అన్నాడు. ప్రతి యుద్ధం వచ్చినప్పుడూ ఇదే తంతు. నలిగిపోతున్న జనాన్ని మన అంత్యదినాల పటం మీద గుర్తులుగా మార్చుకున్నాక వారి ఏడుపు మనకు వినబడదు.

ఇంతవరకు చదివి తలూపుతున్న మన యవనస్థులతో కూడా మాట్లాడాలి. యూదులు ఆ నేలతో ఏ సంబంధమూ లేని ఐరోపా తెల్లవారు అనేది మరో అపోహ. యెరూషలేము, సఫేదు, తిబెరియ, హెబ్రోనులలో యూదు కుటుంబాలు శతాబ్దాలుగా ఉన్నాయి. నేటి ఇజ్రాయెల్ యూదులలో సగానికి దగ్గరగా మధ్యప్రాచ్య, ఉత్తరాఫ్రికా దేశాల నుంచి వచ్చినవారి సంతతి. కొచ్చిన్ నుంచి వెళ్లి ఇప్పటికీ ఇంట్లో మలయాళం మాట్లాడే పెద్దవారు, బొంబాయి నుంచి వెళ్లిన మరాఠీ యూదులు అక్కడ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అని తమను పిలుచుకునే తెలుగు కుటుంబాలు యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. హమాస్ 1988 నాటి తన ప్రణాళికలో యూదుల మీద ద్వేషాన్ని దాచుకోలేదు. 2023 అక్టోబరు 7న దాదాపు 1,200 మందిని చంపి 251 మందిని బందీలుగా పట్టుకుపోయింది, చనిపోయినవారిలో అత్యధికులు పౌరులు. దానిని ప్రతిఘటన అని మెచ్చుకోవడం క్రైస్తవునికి తగదు.

యూదులు క్రీస్తును చంపినవారు అనే నింద మన మంచి శుక్రవారపు ప్రసంగాలలో ఇప్పటికీ దొర్లుతుంది. ఆ నింద ఐరోపాలో ఎన్ని ప్రాణాలు తీసిందో లెక్కలేదు. 1543లో లూథరు యూదులపై రాసిన పుస్తకాన్ని నాజీలు వాడుకున్నారు. క్యాథలిక్ సంఘం 1965లో రెండవ వాటికన్ మహాసభలో ఆ నిందను తోసిపుచ్చింది. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1984లో లూథరు చేసిన ఆ దూషణలను నిరాకరించింది. ఆంధ్రలో ఇంతమంది లూథరన్లుండి ఈ సంగతి తెలిసినవారు ఎంతమంది? ఇజ్రాయెల్ ప్రభుత్వ విధానాన్ని తప్పుపట్టడం వేరు, యూదుణ్ణి యూదుడైనందుకు అసహ్యించుకోవడం వేరు. మొదటిది ఇజ్రాయెల్ పౌరులే లక్షల సంఖ్యలో వీధులలోకి వచ్చి చేస్తున్నారు.

అలాగే ప్రతి పాలస్తీనీయుడూ హమాస్ కాదు. హమాస్ 2006 ఎన్నికలలో గెలిచింది, 2007లో ఆయుధబలంతో గాజాను గుప్పిట్లోకి తీసుకుంది. ఆ తరువాత అక్కడ సాధారణ ఎన్నికలే లేవు. నేడు గాజాలో ఉన్న పిల్లలెవరూ ఆ ఓటు వేయలేదు. గాజా ఆరోగ్య మంత్రిత్వశాఖ లెక్క ప్రకారం 2025 అక్టోబరులో కాల్పుల విరమణ నాటికి మృతులు 67 వేలు దాటారు. ఆ లెక్క పోరాడేవారిని, పౌరులను విడదీయదు, కాని స్త్రీలు, పిల్లలే అందులో పెద్ద భాగమని చెబుతోంది. బతికిన ఇరవైమంది బందీలు 13వ తేదీన ఇళ్లకు చేరారు. ఆ ఇళ్లలోని ఆనందంలో పాలుపొందడానికి గాజా తల్లుల దుఃఖాన్ని కాదనవలసిన అవసరం మాకు కనబడలేదు.

మన జిల్లాల నుంచి వెళ్లి అక్కడి వృద్ధులకు సేవ చేస్తున్న తెలుగువారున్నారు. 2024లో భవన నిర్మాణ పనుల కోసం హైదరాబాదులోనూ ఎంపికలు జరిగాయి. రాకెట్ల మోతకు ఆశ్రయపు గదులలోకి పరుగెత్తినవారిలో వారూ ఉన్నారు. ఆ కుటుంబాలకు ఈ యుద్ధం ప్రవచన చర్చ కాదు.

వేదిక మీది జెండా విషయం చాలామంది అడిగారు. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము: తీసివేయండి. దాని స్థానంలో పాలస్తీనా జెండా పెట్టకండి. విజ్ఞాపన ప్రార్థనలో యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించేటప్పుడు ఆ నగరంలో ఉండే యూదులను, ముస్లింలను, క్రైస్తవులను విడివిడిగా పేర్కొనండి. గాజా, బేత్లెహేము, నజరేతు సంఘాలను మన పొరుగు సంఘాలను తలచినట్టే తలచండి. యుద్ధం వీడియో పంపేముందు అది ఎక్కడిది, ఎప్పటిది అని ఒక్కసారి అడగండి. సిరియా పాత దృశ్యాలు గాజా పేరుతో తిరిగిన సందర్భాలు ఈ రెండేళ్లలో ఎన్నో.

యాత్రలు మళ్లీ పుంజుకునే వేళ ట్రావెల్స్‌వారికి ఒక షరతు పెట్టవచ్చు. ఏడెనిమిది రోజుల యాత్రలో ఒక ఆదివారం ఉదయం, అక్కడి సంఘంతో కలిసి ఆరాధన. బేత్లెహేములో క్రిస్మస్ లూథరన్ దేవాలయం ఉంది. 2023 క్రిస్మస్‌కు బాలయేసును శిథిలాల కుప్పలో పెట్టి లోకమంతా చూసేలా చేసిన సంఘం అది. ఆరాధన అరబ్బీలో జరుగుతుంది. భాష రాకపోయినా, ఆరాధన క్రమం ఎంతవరకు వచ్చిందో గుంటూరు, రాజమండ్రి లూథరన్లు తేలికగానే పట్టుకోగలరు.